బాత్రూము కంపు: నీటికి ఇవతలిదా, అవతలిదా?

బాత్రూములో కంపు వస్తోందని ఎవరితో చెప్పినా వెంటనే ఒక సీసా పేరు చెబుతారు. ఫినాయిల్ అంటారొకరు, వంటసోడాలో వెనిగర్ కలపమంటారు ఇంకొకరు, జాలీ మీద నాఫ్తలీన్ ఉండలు పెడితే చాలంటారు మరొకరు. కంపు ఎక్కడి నుంచి వస్తోందని మాత్రం ఎవరూ అడగరు. మా ఇంట్లో పడకగదిని ఆనుకుని ఉన్న బాత్రూము విషయంలో నెలల తరబడి ఇదే తంతు నడిచింది. ఫినాయిల్ పోసిన పూట ఫినాయిల్ వాసన, అది తగ్గాక మళ్లీ అదే కంపు. సువాసనల డబ్బా తగిలించినప్పుడైతే మరీ ఘోరం. గులాబీలూ మురుగూ కలిసిన వాసనను భరించడం కంటే ఒట్టి మురుగును భరించడమే తేలిక.

ఆ కంపుకు వేళలు ఉండేవి. పొద్దున తలుపు తీయగానే గుప్పుమనేది. అందరి స్నానాలూ అయ్యాక దాదాపు పోయేది. మధ్యాహ్నానికి మళ్లీ మెల్లగా మొదలయ్యేది. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే కంపు తగ్గాలి కదా, మా బాత్రూములో పెరిగేది. "ఆ ఫ్యాను వేయకు, వేస్తే ఇంకా కొడుతుంది" అని అమ్మ అంటూ ఉండేది. ఇంకొక సంగతి, అది ఒకే కంపు కాదు. ఒకటి సరిగా ఆరని తడిగుడ్డలా ముక్కవాసన. రెండోది కుళ్లిన గుడ్డు వాసన. ఒకసారి ఒకటి పైకి వచ్చేది, ఇంకోసారి రెండోది. ఈ వేళలు, ఈ తేడాలు కాగితం మీద రాసుకున్నాకే వెతకడానికి ఒక దారి కనిపించింది.

ముందు జాలీ కింద ఏముందో చెప్పాలి. స్నానపు నీరు పోయే జాలీ తీస్తే కింద గిన్నెలాంటి అమరిక ఉంటుంది. ప్లంబర్లు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. వాష్ బేసిన్ కింద పొట్టి సీసాలా వేలాడేది బాటిల్ ట్రాప్. కమోడ్‌కైతే ఆ వంపు పింగాణీలోనే కలిసి ఉంటుంది. ఆకారాలు వేరు, పని ఒక్కటే. వాడిన నీరంతా వెళ్లిపోయాక చివరి కొంత నీరు ఆ వంపులో నిలిచిపోతుంది. పైనుంచి వచ్చే నీరు దాన్ని నెట్టుకుంటూ వెళ్లగలదు కానీ మురుగు గొట్టంలోని వాయువులు దాన్ని దాటి పైకి రాలేవు. ఈ నీటి అడ్డు లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు అంగుళాలు. మన గదికీ మురుగు కాలువకూ మధ్య ఉన్న కట్టడి అంతే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండ్ గడియారాల పనివాడు ఫ్లష్ కమోడ్‌కు పేటెంటు తీసుకున్నాడు. అందులో నేటికీ చెక్కుచెదరకుండా మిగిలినది ఎస్ ఆకారపు ఆ వంపే.

ఇది అర్థమయ్యాక ప్రశ్న సులువైంది. కంపు నిలిచిన నీటికి ఇవతల పుడుతోందా, అవతల నుంచి వస్తోందా? ఇవతలిదైతే అది పాచి కంపు. జాలీకి, గొట్టం పై భాగానికి పట్టిన జిగటను తీస్తే పోతుంది. అవతలిదైతే అడ్డుగా ఉండాల్సిన నీరు లేకపోవాలి, లేదా ఆ నీటిని తప్పించుకుని వచ్చే వేరే సందు ఉండాలి. మొదటి దానికి బ్రష్షు కావాలి, రెండో దానికి మరమ్మతు కావాలి. సీసాలో ద్రవం మొదటి దానికి అరకొరగా పనిచేస్తుంది, రెండో దానికి అసలు పనిచేయదు. దుకాణాల్లో దొరికే సరుకంతా ఇవతలి కంపు కోసమే తయారైనది కాబట్టి అవతలి కంపు ఉన్నవాళ్లు జీవితాంతం కొంటూనే ఉంటారు.

కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. గాలి అందని చోట సల్ఫేట్లను వాడుకుని బతికే సూక్ష్మజీవులు దాన్ని విడుస్తాయి. పది లక్షల భాగాల గాలిలో ఒక్క భాగం కంటే తక్కువ ఉన్నా ముక్కు పట్టేస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే 100 భాగాల దాకా పెరిగితే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. మ్యాన్‌హోళ్లలో దిగినవారి ప్రాణాలు పోవడానికి ఇదొక కారణం. ఇళ్లలో ఆ మోతాదు మామూలుగా చేరదు. మందంగా పేరుకున్న పాచి అడుగున గాలి ఆడదు కనుక ఈ వాయువు అక్కడ కూడా కొద్దిగా పుడుతుంది. అందుకే గుడ్డు వాసన వచ్చింది కాబట్టి అవతలిదే అని ముక్కుతోనే తీర్పు చెప్పకూడదు. పరీక్ష చేయాలి.

పరీక్షకు పాలిథిన్ కవర్లు, టేపు చాలు. రాత్రి అందరి పనులూ అయ్యాక నేల జాలీని, బేసిన్ నోటిని, బేసిన్ పై అంచు దగ్గర ఉండే చిన్న ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని తుడిచి ఆరబెట్టి, ఒక్కోదానికి ఒక్కో కవరు గాలి చొరకుండా అంటించాను. కమోడ్ మూత వేశాను, ఫ్యాను ఆపేశాను. పొద్దున లేచి ముందు డాబా మీదికి వెళ్లి కాసేపు తిరిగి వచ్చాను. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, అందుకే బాత్రూములోనే నిలబడి వెతికేవాళ్లకు ఏదీ దొరకదు. వచ్చాక ఒక్కో కవరుకు చిన్న చిల్లు పెట్టి వాసన చూశాను. జాలీ మీద కవరులో రెండు కంపులూ ఘాటుగా ఉన్నాయి. బేసిన్ నోటి దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఓవర్‌ఫ్లో రంధ్రం దగ్గర మాత్రం ముక్కవాసన తల తిరిగేలా ఉంది. అంత చిన్న రంధ్రంలో అంత కంపు ఉంటుందని ఊహించలేదు. ఇంకో సంగతి కూడా కనిపించింది. అన్నీ మూసి ఉన్నా, ఏ కవరుకూ చిల్లు పెట్టక ముందే, గదిలో పలచగా గుడ్డు వాసన ఉంది. దాన్ని రాసుకుని పక్కన పెట్టాను.

ముందు ఇవతలి పని. జాలీ తీసి, లోపల బోర్లించి ఉన్న గిన్నె పైకి లాగాను. వచ్చినదాన్ని వర్ణించను, భోజనం ముందు పెట్టుకుని చదివేవారూ ఉంటారు. ఆ జిగట దేనితో తయారవుతుందో మాత్రం చెబుతాను. సబ్బు నురుగు, ఒంటి జిడ్డు, రాలిన వెంట్రుకలు దాని ముడిసరుకు. వాటి మీద సూక్ష్మజీవులు చేరి తమ చుట్టూ తామే బంక లాంటి పదార్థాన్ని విడిచి పొరలు పొరలుగా కాపురం పెడతాయి. జాలీ అంచుల్లో గులాబీ, నారింజ రంగుల్లో కనిపించే మరక చాలాసార్లు సెరేషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియాది. ఈ పొర మీద ఏ ద్రవం పోసినా పైపైన తడిపి జారిపోతుంది. పళ్లకు పట్టిన గార పుక్కిలిస్తే పోతుందా? ఇదీ అంతే, గీకితేనే పోతుంది.

రబ్బరు తొడుగులు వేసుకుని, గిన్నెలు తోమే సబ్బుతో, సీసాలు కడిగే పొడవాటి బ్రష్షుతో ట్రాపు గోడలన్నీ తోమాను. అంచుల్లో ముళ్లలాంటి కొక్కేలు ఉన్న సన్నని ప్లాస్టిక్ పట్టీ ఒకటి దొరుకుతుంది. దాన్ని గొట్టంలోకి దింపి తిప్పి లాగితే వెంట్రుకలు ఉండలుగా వస్తాయి. ఈ పనికి అంతకంటే మంచి సాధనం నేను చూడలేదు. తరువాత వేడినీళ్లు. వేడినీళ్లంటే చేయి పెట్టలేనంత వేడి చాలు, మరుగుతున్నవి వద్దు. పీవీసీ గొట్టం సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అతుకులు వదులవుతాయి. ఒక కంపు పోగొట్టబోయి ఇంకో కారుడు తెచ్చుకోవడం ఎందుకు?

బేసిన్ ఓవర్‌ఫ్లో కథ వేరు. బేసిన్ పింగాణీకి లోపల రెండు పొరలుంటాయి. పై రంధ్రం నుంచి ఆ పొరల మధ్య ఒక దారి దిగి, కింద నీరు పోయే కప్లింగ్‌లో కలుస్తుంది. బేసిన్ నిండితే తప్ప ఆ దారిలో నీరు పారదు. కానీ కింది నుంచి సబ్బు నురుగు, తేమ ఎగబాకుతూనే ఉంటాయి. చీకటి, తడి, తిండి, ఎప్పుడూ కడగని గోడలు, పాచికి ఇంకేం కావాలి? ఇది బాటిల్ ట్రాప్‌లోని నీటికి పైన కలుస్తుంది కాబట్టి ఇక్కడి కంపు పూర్తిగా ఇవతలిదే. వంగే సన్నని బ్రష్షు దూర్చి పైకీ కిందికీ ఆడించి, సబ్బు కలిపిన వేడినీళ్లను మూతికి గొట్టం ఉన్న సీసాతో ఆ రంధ్రంలోకి కొట్టాను. నల్లటి పొలుసులు బేసిన్‌లోకి వచ్చాయి. స్వచ్ఛమైన నీరు వచ్చేదాకా అదే పని. కింద బకెట్టు పెట్టి బాటిల్ ట్రాప్ అడుగు గిన్నెను కూడా మర తిప్పి విప్పి కడిగాను. తిరిగి బిగించేటప్పుడు లోపలి రబ్బరు వాషరు వంకరగా కూర్చోకుండా చూసుకోవాలి, లేకపోతే చుక్కలు కారతాయి.

ఇక సీసాల సంగతి. వంటసోడా, వెనిగర్ కలిపితే బుసబుస పొంగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్‌ది. క్షారం, ఆమ్లం రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి సోడియం అసిటేట్ అనే లవణం కలిసిన నీరు మిగులుతుంది. పలచటి పాచిని ఆ నురుగు కొంచెం కదిలిస్తుందేమో కానీ, వంటసోడా విడిగా చల్లి బ్రష్షుతో రుద్దడమే నా అనుభవంలో మేలు. కాస్టిక్ సోడా పొడి వెంట్రుకలనూ జిడ్డునూ కరిగిస్తుంది, నిజమే. నీటిలో కలిసినప్పుడు అది చాలా వేడి పుట్టిస్తుంది, కళ్లలో పడితే చూపు పోవచ్చు. నీరు పూర్తిగా నిలిచిపోయిన గొట్టంలో పోస్తే అక్కడే ఆగిపోయి, తరువాత ఆ గొట్టం విప్పే మనిషి ముఖం మీదికి చిమ్ముతుంది. కంపు కోసమే అయితే దాని అవసరం లేదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది కలపడం గురించి. ఒకటి పనిచేయలేదని దాని మీద ఇంకొకటి పోసేవాళ్లు చాలామంది. బ్లీచింగ్ ద్రావణం పోసిన చోట యాసిడ్ ఉన్న కమోడ్ క్లీనర్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలినది ఆ వాయువే. వెనిగర్ కూడా యాసిడే, కాబట్టి బ్లీచితో అదీ వద్దు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు బ్లీచితో కలిస్తే క్లోరమిన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులకు చేటే. గాలి ఆడని చిన్న గదిలో ఈ ప్రయోగాలు చేయకూడదు. నాఫ్తలీన్ ఉండలు కంపును తీసేయవు, దాని మీద ఇంకో ఘాటైన వాసన కప్పుతాయి. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని నేలకు దగ్గరగా, చేతికందేలా పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు. అప్పటిదాకా మా ఇంట్లో ఉన్నవన్నీ తీసి పారేశాను.

సీసాల్లో నాకు కాస్త గౌరవం ఉన్నది ఒక్కదాని మీదే, ఎంజైము క్లీనరు. అందులో బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా ఉంటుంది, లేదా అవి తయారు చేసే ఎంజైములు ఉంటాయి. జిడ్డునూ మాంసకృత్తులనూ అవి మెల్లగా తినేస్తాయి. రాత్రి పోసి పొద్దుటిదాకా నీళ్లు పోయకూడదు. ముందు రోజు బ్లీచి పోసి ఉంటే ఈ జీవులన్నీ చచ్చిపోతాయి, డబ్బు దండగ. పాత పాచిని తొలగించే శక్తి దానికి లేదు, తోమిన తరువాత కొత్తది పట్టకుండా కాస్త ఆపుతుంది.

తోముడు అయ్యాక ముక్కవాసన మాయమైంది. జాలీ చుట్టూ ఎగిరే బొచ్చు రెక్కల చిన్న పురుగులు కూడా కొన్నాళ్లకు కనిపించడం మానేశాయి. వాటి పిల్లలు ఆ పాచిలోనే పెరుగుతాయి, ఇల్లు కూలితే అవి ఉండవు. పొద్దుటి గుడ్డు వాసన మాత్రం మిగిలింది. పైగా ఇప్పుడు తోడు వాసన లేదు కాబట్టి స్పష్టంగా తెలుస్తోంది. అంటే అవతలి కంపు నిజంగానే ఉంది.

అవతలి నుంచి రావాలంటే ముందు అనుమానించాల్సింది నీటి మట్టాన్ని. రాత్రి జాలీలో చెంబెడు నీళ్లు పోసి, పారడం ఆగాక చీపురుపుల్ల నిటారుగా దింపి తడి ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టాను. పొద్దున ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ దింపితే తడి సగం కూడా లేదు. ఒక్క రాత్రిలో అంత నీరు ఆవిరి కాదు. వాడని ట్రాపు ఎండిపోవడానికి కూడా చాలా రోజులు పడుతుంది. మరి నీరు ఎక్కడికి పోతోంది? మూడు దారులున్నాయి. ట్రాపు పగిలి ఉండవచ్చు, అలాగైతే కింది ఇంటి కప్పు మీద చెమ్మ కనిపించాలి. అడిగాను, లేదన్నారు. పై అంతస్తు వాళ్లు ఒక్కసారిగా నీళ్లు వదిలినప్పుడు నిలువు గొట్టంలో గాలి గుంజుకుని మన ట్రాపులోని నీటిని లాగేసి ఉండవచ్చు. అలాగైతే గుడగుడమనే చప్పుడు వస్తుంది, మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. ఒక సెలవు రోజు పనిగట్టుకుని మళ్లీ మళ్లీ కొలిచాను. చప్పుడు లేదు, మట్టం కొంచెం కొంచెంగా, తాపీగా దిగుతోంది. అంటే మిగిలింది మూడో దారి. ఎవరో లాగడం లేదు, ఏదో మెల్లగా తోడేస్తోంది.

సెల్‌ఫోను వెలుతురులో ట్రాపు పక్కకు ఉండే బయటి మూతి చూస్తే దొంగ దొరికింది. తుడుపు కర్ర దారాలు, పొడవాటి వెంట్రుకలు పెనవేసుకుని ఒక పాయలా ట్రాపు నీటిలో నుంచి లేచి, అంచు దాటి, అవతలి గొట్టంలోకి వేలాడుతున్నాయి. పైనుంచి తోమిన బ్రష్షు ఆ మూల దాకా పోలేదు. నీరు సన్నని సందుల్లో దానంతట అదే పైకి పాకుతుంది. ఆ పాయ గుండా అంచు ఎక్కి, అవతల పల్లంలోకి చుక్క చుక్కగా జారిపోతోంది. రాత్రంతా అదే పని. అందుకే పొద్దున కంపు, స్నానాలతో ట్రాపు నిండగానే విరామం, మధ్యాహ్నానికి మళ్లీ మొదలు.

"వెంట్రుకలు నీళ్లు తోడెయ్యడమేమిటి!" అని అమ్మ కొట్టిపారేసింది. గ్లాసు నిండా నీళ్లు పోసి బల్ల అంచున పెట్టి, తడిపిన నూలుగుడ్డ పీలిక ఒక కొస నీటిలో, రెండో కొస గ్లాసు బయట అడుగు కంటే కిందికి వేలాడేలా వేసి కింద గిన్నె పెట్టాను. సాయంత్రానికి గ్లాసులో నీళ్లు గిన్నెలోకి చేరాయి. "అయితే ఆ తుడుపు కర్రను జాలీలో పిండడం మానెయ్యాలి" అంది. నిజమే, అప్పటి నుంచి దాన్ని బకెట్టులోనే పిండుతున్నాం.

కొక్కేల పట్టీతో ఆ పాయను లాగేశాక మట్టం నిలబడింది. రాత్రి గీతకు, పొద్దుటి గీతకు తేడా లేదు. పొద్దుటి గుప్పుమనడం ఆగిపోయింది. ఇక్కడితో అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఫ్యాను వేస్తే మళ్లీ వచ్చేది, పలచగానే అయినా. కవర్లన్నీ అంటించిన రాత్రి గదిలో మిగిలిన ఆ వాసనే ఇది. మూసిన నోళ్ల నుంచి కాక ఇంకెక్కడి నుంచో వస్తోంది.

ఫ్యాను గదిలోని గాలిని బయటికి నెడుతుంది. పోయిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. కిటికీ మూసి, తలుపు కింద సందు లేకపోతే, గోడల్లో నేలలో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి నుంచి లాక్కుంటుంది. అందుకే ఫ్యానును కంపు పెంచే యంత్రంగా కాక, చిల్లు చూపించే పరికరంగా వాడుకోవచ్చు. తలుపు మూసి ఫ్యాను వేసి, పలచని టిష్యూ కాగితం పీలికను అనుమానం ఉన్న ప్రతి చోటా పట్టుకుని చూశాను. పొగతో ఇది ఇంకా బాగా తెలుస్తుంది కానీ మురుగు వాయువులో మీథేన్ ఉంటుంది, అది మండేది. గొట్టాల దగ్గర నిప్పు వద్దు. కమోడ్ అడుగు చుట్టూ కాగితం కదల్లేదు. జాలీ దగ్గర కదల్లేదు. బేసిన్ కింద, బాటిల్ ట్రాప్ గొట్టం గోడలోకి వెళ్లే చోట మెరిసే స్టీలు బిళ్ల ఉంటుంది. అక్కడ పెట్టగానే కాగితం నా వైపు ఊగింది. దగ్గరగా వంగి చూస్తే చల్లటి గాలి, గుడ్డు వాసన.

గోడలోని పని కాబట్టి ప్లంబర్‌ను పిలిచాను. ఆయన బిళ్ల వెనక్కి జరిపి ఒక్క చూపు చూసి నవ్వాడు. "గోడలో ఉన్నది లావు పైపండీ, మీ బేసిన్ పైపు సన్నది. మధ్యలో చుట్టూ ఖాళీ. అది మూయకుండా పైన ఈ బిళ్ల పెట్టేశారు. చూడ్డానికి అందంగా ఉంటుంది కదా, ఎవరికీ అనుమానం రాదు." గోడలోది 50 మిల్లీమీటర్ల గొట్టం, బేసిన్‌ది 32. బాటిల్ ట్రాప్‌లో నీరు నిండుగానే ఉంది, దాని పని అది చేస్తోంది. కంపు మాత్రం ఆ నీటి జోలికి పోకుండా గొట్టం బయటి నుంచే దర్జాగా నడిచి వస్తోంది. ఆ గొట్టం నేల ట్రాపులోకి కాకుండా నేరుగా నిలువు మురుగు గొట్టంలోకి కలిసి ఉందని ఆయనే తేల్చాడు. నేల ట్రాపులోకి కలిసి ఉంటే ఆ ఖాళీ ఉన్నా ఇంత కంపు వచ్చేది కాదట.

రెండు గొట్టాల మధ్య సరిపోయే రబ్బరు రింగు దూర్చి, చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసి, బిళ్ల మళ్లీ కూర్చోబెట్టాడు. సిలికాన్ తడి మీద, సబ్బు జిడ్డు మీద అంటుకోదు. ముందు ఆ చోటును పొడిగా తుడిచి, పూశాక ఒక రోజంతా బేసిన్ వాడకుండా వదిలేయాలి. తెల్ల సిమెంటు పూయమంటారా అని అడిగితే వద్దన్నాడు. బేసిన్ కదిలినప్పుడల్లా గొట్టం కొద్దిగా కదులుతుంది, సిమెంటు చిట్లుతుంది, సిలికాన్ సాగుతుంది. వచ్చినవాడు డాబా ఎక్కి గాలి గొట్టం మూతి కూడా చూశాడు. నిలువు గొట్టం కొస డాబా పైన తెరిచి ఉంటేనే లోపల గాలి ఒత్తిడి సమంగా ఉండి ట్రాపుల్లో నీరు నిలుస్తుంది. ఆకులు పడో, పక్షులు గూడు పెట్టో అది మూసుకుపోతే గుడగుడలు మొదలవుతాయి. మాది తెరిచే ఉంది. జల్లెడ మూత ఒకటి పెట్టించాను.

ఫ్యాను, ఎండిన ట్రాపు కలిస్తే ఎంత దూరం పోతుందో 2003లో హాంకాంగ్‌లో ప్రపంచం చూసింది. సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో మూడు వందల మందికి పైగా దాని బారిన పడ్డారు. బాత్రూము నేల ట్రాపుల్లో చాలా వాటిలో నీరు ఎండిపోయి ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు గొట్టాల్లోని వైరస్ తుంపరలను ఆ ట్రాపుల గుండా గదుల్లోకి లాగాయని దర్యాప్తులో తేలింది. నేలను నీళ్లు పోసి కడగకుండా తడిగుడ్డతో తుడిచి వదిలేయడం వల్ల ఆ ట్రాపులకు నీరు అందలేదు. రెండంగుళాల నీటిని నేను చాదస్తంగా కొలుస్తున్నానని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెబుతాను.

సిలికాన్ ఆరాక తలుపు మూసి, ఫ్యాను వేసి, కాగితం పట్టుకుంటే కదల్లేదు. ఇప్పుడు గాలి కోసం కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంచుతున్నాం. ఓవర్‌ఫ్లో రంధ్రానికి అప్పుడప్పుడూ సబ్బు నీళ్లు కొడతాను, జాలీ గిన్నె తోముతాను. ఎక్కువ చోట్ల కంపుకు ఇంత వెతుకులాట అక్కర్లేదనే నా అభిప్రాయం. వారానికోసారి జాలీ ఎత్తి చూసేవాళ్లకు సగం సమస్యే రాదు.

ఎవరూ వాడని రెండో బాత్రూము ఒకటుంది. దాని జాలీలో వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోస్తున్నాను. చాలా రోజులు ఇల్లు తాళం వేయాల్సి వస్తే ఆ నీటి మీద రెండు చెంచాల మినరల్ ఆయిల్ పోస్తే పైన పొరలా తేలి నీరు త్వరగా ఆవిరి కాకుండా ఆపుతుంది. వంటనూనె వద్దు, నిలవుంటే అదే కంపు కొడుతుంది. మొదటిసారి ఆ జాలీ ఎత్తి చూసినప్పుడు లోపల బోర్లించాల్సిన గిన్నె లేనే లేదు. నీరు త్వరగా పోవడం లేదని ఎవరో తీసేసి ఉంటారు. ఆ గిన్నె లేకపోతే ఎన్ని చెంబులు పోసినా అడ్డు నిలవదు. కొలత తీసుకుని కొత్తది తెచ్చి వేశాను.